ఊసుటేరి పక్షులకు కంచె ఒక్కటే చాలదు

పుదుచ్చేరి పట్టణం నుంచి పడమరగా సుమారు 10 కిలోమీటర్లు వెళితే ఊసుటేరి కనిపిస్తుంది. తమిళంలో 'ఏరి' అంటే చెరువు. దాదాపు 800 హెక్టార్ల విస్తీర్ణంలో పరుచుకున్న ఈ చెరువు పుదుచ్చేరి ప్రాంతంలోని చెరువులన్నింటిలోకీ పెద్దది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే పక్షుల రాక మొదలవుతుంది. గూడబాతులు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, పెయింటెడ్ స్టార్క్ కొంగలతో పాటు పిన్‌టెయిల్ అనే సూదితోక బాతుల వంటి వలస పక్షులు కూడా ఇక్కడ శీతాకాలం గడుపుతాయి. ఉత్తరాన ఎక్కడో చల్లని దేశాల నుంచి బయలుదేరి, సుమారు 30 దేశాల మీదుగా విస్తరించిన 'మధ్య ఆసియా వలస మార్గం' వెంట వచ్చే అతిథులివి.

ఈ చెరువులో దాదాపు సగం పుదుచ్చేరి పరిధిలో ఉంది. మిగిలినది తమిళనాడులోని విల్లుపురం జిల్లాకు చెందుతుంది. పుదుచ్చేరి ప్రభుత్వం తన వైపు భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. తమిళనాడు తన వైపు భాగాన్ని 2015లో ప్రకటించింది. అంటే ఇప్పుడు చెరువుకు రెండు వైపులా చట్టపరమైన రక్షణ ఉంది. తుపాకీతో, వలతో, ఉచ్చుతో వచ్చే వేటగాడిని ఆపే అధికారం అటవీ శాఖ చేతిలో ఉంది.

కానీ చెరువులోకి వచ్చే ప్రమాదాలన్నీ గట్టు దాటి నడిచి రావు. కొన్ని నీటిలో కరిగి వస్తాయి. కొన్ని మట్టిరేణువులను పట్టుకుని వస్తాయి. మరికొన్ని గాలిలో తేలుతూ వస్తాయి. వాటికి అభయారణ్యం హద్దురాళ్లు కనబడవు.

మూడు కాలాలు కలిసేచోట

ఊసుటేరి వాననీటి మీదే ఆధారపడిన చెరువు కాదు. విల్లుపురం జిల్లాలోని జింజీ కొండల్లో పుట్టే శంకరాపరణి నది నుంచి సుత్తుకేణి వద్ద కట్టిన ఆనకట్ట ద్వారా, కాలువ వెంట దీనికి నీరు చేరుతుంది. వరాహనది, జింజీ నది అని కూడా పిలిచే ఈ నది పల్లెలూ పొలాలూ దాటి వస్తుంది. కాబట్టి చెరువులోని ప్రతి బిందెడు నీటిలోనూ ఆ దారి పొడవునా జరిగిన పనుల జాడ ఎంతో కొంత ఉంటుంది. చెరువు చుట్టూ కూడా వరి, చెరకు పొలాలున్నాయి. సమీపంలో చేదరాపేట పారిశ్రామికవాడ ఉంది. ఏటేటా విస్తరిస్తున్న నివాస ప్రాంతాలున్నాయి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పుదుచ్చేరిలో ఏడాదికి సగటున సుమారు 1300 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యనే కురుస్తుంది. ఆగస్టులో మొదలయ్యే సాంబా వరి అప్పటికి పొలంలో ఎదుగుతూ ఉంటుంది. దోమ, కాండం తొలుచు పురుగు, ఆకుముడత వంటి వాటి బెడద ఉండేదీ, రైతు మందు డబ్బా చేతపట్టేదీ ఆ నెలల్లోనే. వలస పక్షులు దిగేదీ అప్పుడే. పిచికారీ కాలం, కుండపోత వానల కాలం, పక్షుల కాలం అనే మూడూ ఒకే సమయంలో కలుస్తాయి. చెరువును కాపాడాలంటే ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఈ కలయికనే.

ఊసుటేరి నీరు పక్షులకే పరిమితం కాదు. పుదుచ్చేరి పట్టణం తాగేది ప్రధానంగా భూగర్భజలమే. చుట్టుపక్కల భూమిలోకి నీటిని ఇంకించే చెరువుల్లో ఊసుటేరి ముఖ్యమైనది. కాబట్టి కొంగ ముక్కు ముంచిన నీటికీ, పట్టణంలోని కుళాయి నీటికీ మధ్య కనిపించని బంధుత్వం ఉంది.

పొలం నుంచి చెరువుకు దారులు

పిచికారీ చేసిన మందంతా పురుగుకు తగలదు. కొంత ఆకుల మీద, కొంత నేల మీద, కొంత మడిలోని నీటి మీద పడుతుంది. కొంత గాలిలో కలుస్తుంది. అక్కడి నుంచి చెరువు చేరడానికి దానికి అనేక మార్గాలున్నాయి.

మొదటిది గాలి. స్ప్రేయర్ నాజిల్ నుంచి వచ్చే బిందువులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. బిందువు ఎంత చిన్నదైతే గాలి నిరోధం దాన్ని అంత నెమ్మదిగా కిందికి దిగనిస్తుంది. మీటరు ఎత్తు నుంచి మందు కొడుతున్నారని, సెకనుకు 2 మీటర్ల వేగంతో గాలి వీస్తోందని అనుకుందాం. 400 మైక్రాన్ల వ్యాసమున్న బిందువు సెకనుకు సుమారు 1.6 మీటర్ల వేగంతో దిగి, మీటరున్నర లోపే నేల తాకుతుంది. 100 మైక్రాన్ల బిందువు ఏడు మీటర్ల దాకా కొట్టుకుపోతుంది. 20 మైక్రాన్ల బిందువు దిగడానికి నిమిషానికి పైగా పడుతుంది. ఈలోగా గాలి దాన్ని 150 మీటర్లకు మించి మోసుకుపోతుంది. దారిలో బిందువు ఆవిరై మరింత చిన్నదైతే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. అరిగిపోయిన నాజిల్, అతిగా పెంచిన పీడనం, గాలి వీచే వేళలో పిచికారీ... ఈ మూడూ కలిస్తే గట్టు పక్క పొలంలో కొట్టిన మందు చెరువు మీద వాలుతుంది.

రెండోది వాన. మందు కొట్టిన ఒకటి రెండు రోజుల్లోనే గట్టి వాన పడితే ఆకుల మీది మందు కడుక్కుపోయి కాలువలో పడుతుంది. నీటిలో కరిగేవి నీటితో పోతాయి. కరగనివి మట్టిరేణువులకు అంటుకుని, కొట్టుకుపోయే ఒండ్రుతో చెరువు అడుగుకు చేరతాయి. వరి మడిలో నిలిచిన నీటిని బయటకు వదిలినప్పుడూ ఇదే జరుగుతుంది.

మూడోది గుళికలు. వరి పొలాల్లో చల్లే గుళికల మందు చూడడానికి గింజల్లానో ఇసుక రేణువుల్లానో ఉంటుంది. గింజలు తినే పక్షులు వాటిని అరిగించుకోవడానికి చిన్న చిన్న రాళ్లను మింగుతాయి. నేల మీద కనిపించిన గుళికను రాయి అనుకునో గింజ అనుకునో మింగితే అదే వాటి ఆఖరి మేత అవుతుంది. కార్బోఫ్యురాన్ గుళికల వల్ల తమ దేశంలో ఏటా పది నుంచి ఇరవై లక్షల పక్షులు చనిపోతున్నాయని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1980ల్లో అంచనా వేసింది. ఆ తర్వాతే అక్కడ ఆ గుళికల వాడకాన్ని దాదాపుగా నిలిపివేశారు.

చివరిది నిర్లక్ష్యం. కాలువలో కడిగిన స్ప్రేయర్, గట్టు మీద పారేసిన ఖాళీ సీసా, మిగిలిపోతే మురుగులో పారబోసిన మందు. పరిమాణంలో ఇవి చిన్నవిగా కనిపించినా పొలంలో పలుచన కావాల్సిన మందు ఇక్కడ చిక్కగా నేరుగా నీటిలో పడుతుంది. తేలికగా ఆపగలిగిన మార్గం కూడా ఇదే.

వెంటనే చంపే విషం

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులూ, కార్బోఫ్యురాన్ వంటి కార్బమేట్లూ పురుగు నాడుల మీద పనిచేస్తాయి. ఒక నాడీకణం నుంచి మరొక కణానికి సందేశం అందించే రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. సందేశం చేరగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి శుభ్రం చేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. నొక్కిన కాలింగ్ బెల్ బటన్ ఇరుక్కుపోతే గంట ఆగకుండా మోగుతూ ఉన్నట్టు, నాడులు ఆగకుండా సందేశాలు పంపుతూనే ఉంటాయి. కండరాలు వణికి, బిగుసుకుని, చివరికి ఊపిరి ఆగిపోతుంది.

పురుగులోనూ పక్షిలోనూ మనిషిలోనూ ఉండేది అదే ఎంజైము. చిక్కంతా అక్కడే. పైగా ఈ రకం మందుల్లో కొన్నింటిని రక్తంలోనే విరిచి నిర్వీర్యం చేసే ఎంజైములు క్షీరదాలతో పోలిస్తే పక్షుల్లో చాలా తక్కువ. అందుకే మనిషికి తలనొప్పి తెప్పించే మోతాదు పిట్ట ప్రాణం తీయగలదు.

1995–96లో అర్జెంటీనాలో జరిగిన ఘటన ఇందుకు సాక్ష్యం. ఉత్తర అమెరికాలో గూళ్లు కట్టి, చలికాలంలో అర్జెంటీనాకు వలస వెళ్లే స్వైన్సన్స్ హాక్ అనే గద్దలు అక్కడి పొలాల్లో మిడతలను తింటాయి. ఆ మిడతల మీద రైతులు మోనోక్రోటోఫాస్ చల్లారు. ఆ ఒక్క సీజన్‌లోనే సుమారు 20 వేల గద్దలు చనిపోయి ఉంటాయని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పక్షి పుట్టిన దేశంలో ఎంత రక్షణ కల్పించినా, చలికాలం గడిపే దేశంలో ఒక పొలం దాన్ని చంపగలదని ప్రపంచానికి తెలిసింది. ఊసుటేరి వంటి చెరువుల బాధ్యత కూడా ఇలాంటిదే. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి ఈ ఊళ్ల నీటిని నమ్ముకునే దిగుతుంది.

మన దేశంలోనూ ఇటువంటి అనుభవం ఉంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ జాతీయ ఉద్యానంలో 1980ల చివర్లో సారస కొంగలు, పావురాలు వరుసగా చనిపోయాయి. ఉద్యానం లోపల ఎవరూ మందు చల్లలేదు. చుట్టుపక్కల పొలాల్లో విత్తనాలకు, నేలకు వాడిన ఆల్డ్రిన్ వాటి మరణానికి కారణమని పరిశోధకులు తేల్చారు. ఆల్డ్రిన్‌ను భారత ప్రభుత్వం 1996లో నిషేధించింది. చట్టపరంగా అత్యంత పటిష్ఠమైన రక్షణ ఉన్న ఉద్యానమే కంచె అవతలి విత్తనాల నుంచి తన కొంగలను కాపాడుకోలేకపోయిందన్నది అక్కడి అనుభవం.

నెమ్మదిగా పేరుకునే విషం

డీడీటీ వంటి ఆర్గానోక్లోరిన్ మందుల తీరు వేరు. అవి నీటిలో దాదాపు కరగవు. కొవ్వులో మాత్రం బాగా కరుగుతాయి. శరీరంలోకి వెళ్లిన మందు మూత్రంతో బయటికి పోకుండా కొవ్వులో చేరి అక్కడే ఉండిపోతుంది. చిన్న జీవిని పెద్ద జీవి తినే కొద్దీ విషం పోగవుతూ పోతుంది. దీన్నే జైవిక వృద్ధీకరణం అంటారు.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఒక ప్రసిద్ధ ఉదాహరణ దీని తీవ్రతను చూపిస్తుంది. నీటిలో డీడీటీ 0.003 పీపీబీ మాత్రమే ఉంది. అంటే లక్ష కోట్ల భాగాల నీటిలో మూడు భాగాలు. ఆ నీటిలోని సూక్ష్మ జంతువుల్లో అది 0.04 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 0.04 భాగాలకు చేరింది. చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలు తినే పక్షుల్లో 25 పీపీఎం అయింది. నీటి నుంచి పక్షి దాకా లెక్క వేస్తే సుమారు 80 లక్షల రెట్లు. ఆ నీటిని మాత్రమే పరీక్షించి 'ఇందులో మందు లేనట్టే' అని చెబితే లెక్కకు తప్పు ఉండదు. చెరువుకు మాత్రం అది నిజం కాదు.

కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ సరస్సులో దోమను పోలిన చిన్న ఈగల బెడద తగ్గించడానికి 1949లో డీడీటీకి దగ్గరి రసాయనమైన డీడీడీని కలిపారు. ఏడు కోట్ల భాగాల నీటికి ఒక భాగం చొప్పున మాత్రమే కలిపారు. 1954లోనూ 1957లోనూ మళ్లీ కలిపారు. ఆ సరస్సులో గూళ్లు కట్టే సుమారు వెయ్యి జంటల గ్రీబ్ పక్షులు చనిపోవడం మొదలైంది. వాటి కొవ్వును పరీక్షిస్తే 1600 పీపీఎం డీడీడీ బయటపడింది. చేపలను మింగి బతికే ఆ పక్షుల చిన్నపాటి బంధువు, నీటిలో బుడుంగుమని మునిగి తేలే లిటిల్ గ్రీబ్, ఊసుటేరిలో ఏడాది పొడవునా కనిపిస్తుంది.

చంపకుండానే సంతతిని ఆపడం డీడీటీ చేసే మరో పని. అది శరీరంలో డీడీఈగా మారి, గుడ్డు పెంకు తయారయ్యే చోట కాల్షియం చేరకుండా అడ్డుకుంటుంది. పెంకు పలుచబడి, తల్లి పొదగడానికి కూర్చోగానే గుడ్డు పగిలిపోతుంది. బ్రిటన్ శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ పాత గుడ్ల సేకరణలను తూచి, 1940ల చివరి నుంచి డేగల గుడ్ల పెంకులు హఠాత్తుగా పలుచబడ్డాయని 1967లో నిరూపించారు. డీడీటీ వాడకం విస్తరించిందీ అప్పుడే. భారతదేశంలో వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని 1989లో నిలిపివేశారు. అయితే ఇటువంటి మందులు నేలలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. పూడిక తీసినప్పుడో వరద ముంచెత్తినప్పుడో పాత విషం మళ్లీ నీటిలోకి రావచ్చు.

పక్షిని తాకని మందు కూడా

ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందులు పక్షులకు పాత మందులంత ప్రమాదం కావన్న పేరుతో వాడకంలోకి వచ్చాయి. ఇవి నీటిలో సులువుగా కరుగుతాయి. పురుగులకూ, నీటిలోని సూక్ష్మ జంతువులకూ మాత్రం అతి తక్కువ మోతాదులోనే హాని చేస్తాయి.

జపాన్‌లోని షింజి సరస్సు కథ ఊసుటేరికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ సరస్సు పరీవాహక ప్రాంతంలో వరి పండుతుంది. 1993లో అక్కడి మళ్లలో ఈ మందుల వాడకం మొదలైంది. దశాబ్దాల రికార్డులను పరిశీలించి 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1993 నుంచే వసంతకాలంలో సరస్సులోని సూక్ష్మ జంతువుల పరిమాణం 83 శాతం పడిపోయింది. వాటిని తిని బతికే స్మెల్ట్ చేపల దిగుబడి ఏడాదికి సగటున 240 టన్నుల నుంచి 22 టన్నులకు దిగిపోయింది. ఒక్క చేపకూ నేరుగా విషం ఎక్కకపోయినా, తిండి లేక చేపలు పోయాయి. చేపలు లేని చోట చేపలు తినే పక్షి ఉండదు. అటువంటి చెరువులో చనిపోయిన పక్షులు కనిపించవు. రావలసిన పక్షులు రాకపోవడమే కనిపిస్తుంది. జాలరి వల కూడా ఖాళీగానే పైకి వస్తుంది.

మురుగు, ఎరువులు, ఒక హెచ్చరిక

పురుగుమందుల తోడుగా చెరువులకు వచ్చే మరో ముప్పు పోషకాల వరద. పొలాల్లోని యూరియా, ఫాస్ఫేటు, ఇళ్ల మురుగు చెరువులో చేరితే నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు ఈ కష్టాన్నంతా చూసిన సరస్సు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందినా, కాలువల వెంట వచ్చే పొలాల నీటినీ పట్టణాల మురుగునూ ఆ గుర్తింపులు ఆపలేకపోయాయి.

అయితే పక్షులు చనిపోయిన ప్రతిసారీ పురుగుమందునే నిందించడం శాస్త్రీయం కాదు. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభార్ సరస్సులో వేలాది వలస పక్షులు చనిపోయాయి. మొదట విషప్రయోగమన్న అనుమానాలు వచ్చాయి. ప్రయోగశాల పరీక్షల్లో అసలు కారణం బోటులిజం అని తేలింది. ప్రాణవాయువు లేని కుళ్లులో పెరిగే ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషం వల్ల వచ్చే జబ్బు ఇది. రెక్కలు వాలిపోయి, మెడ నిలవక పడిపోయే పక్షిని చూసి ఏది బోటులిజమో, ఏది పురుగుమందో చెప్పడం కష్టం.

తేడా పట్టేది ప్రయోగశాలే. చనిపోయిన పక్షి మెదడులో కోలినెస్టరేజ్ మామూలు స్థాయి కంటే సగానికి పైగా పడిపోతే, ఆర్గానోఫాస్ఫేటో కార్బమేటో ప్రాణం తీసిందని శాస్త్రవేత్తలు భావిస్తారు. పొట్టలోని గింజలు, కాలేయం పరీక్షిస్తే మందు పేరు కూడా తెలుస్తుంది. ఇటువంటి పరీక్షలు చేయగల సంస్థల్లో కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం ఒకటి. కానీ కళేబరం ఎండలో కుళ్లిపోతే ఆధారం కూడా పోతుంది. అందుకే చనిపోయిన పక్షులు గుంపుగా కనిపిస్తే ఒట్టి చేతులతో తాకకుండా, పాతిపెట్టకుండా, వెంటనే అటవీ శాఖకు తెలియజేయాలి. ఆ ఒక్క ఫోన్ పిలుపు మీదే కారణం తెలియడమా తెలియకపోవడమా అన్నది ఆధారపడి ఉండవచ్చు.

నీటిని వారం ఆపితే

ఇంతా చదివాక రైతే దోషి అనిపించవచ్చు. నిజానికి మొదట నష్టపోయేది రైతే. మందు ఖర్చు అతనిదే, మందు పీల్చేదీ అతనే. పైగా ఎక్కువ మందు కొడితే ఎక్కువ పంట వస్తుందన్న లెక్క వరిలో తరచూ తప్పుతుంది. సుడిదోమ ఇందుకు ఉదాహరణ. విచక్షణ లేకుండా మందు కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. అడ్డు లేని దోమ రెట్టింపై తిరిగి వస్తుంది. ఇండొనేషియా ఈ దెబ్బ తిన్నాక 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందుల మీద రాయితీలు ఎత్తివేసింది. పొలంలో పురుగులను గుర్తుపట్టడం రైతులకు నేర్పింది. మందుల వాడకం బాగా తగ్గింది. వరి దిగుబడి మాత్రం తగ్గలేదు.

తెలుగు నేల మీదా ఇటువంటి అనుభవాలున్నాయి. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి గ్రామాలు రెండు దశాబ్దాల కిందటే పురుగుమందులు మానేశాయి. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, జిగురు అట్టలతో పురుగును అదుపు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం విస్తరిస్తోంది. ఈ పద్ధతుల్లో 'పక్షి స్థావరాలు' కూడా ఒకటి. పొలంలో అక్కడక్కడ 'టి' ఆకారపు కొయ్యలు నాటితే పక్షులు వాటి మీద వాలి గొంగళిపురుగులను ఏరి తింటాయి. మందుతో పక్షిని చంపుకునే పొలమే పక్షికి కూర్చోవడానికి చోటిస్తే, పక్షి తిరిగి పొలాన్ని కాస్తుంది.

మందు పూర్తిగా మానలేని చోట కూడా చేయగలిగింది చాలా ఉంది. వాటిలో ఖర్చు లేనిది, ఫలితం ఎక్కువ ఇచ్చేది నీటిని ఆపడం. మందు వేసిన తర్వాత మడి నీటిని వెంటనే వదలకుండా కొన్నాళ్లు నిలిపితే ఎండ, బ్యాక్టీరియా కలిసి మందులో చాలా భాగాన్ని విరగ్గొడతాయి. జపాన్‌లో వరి రైతులకు వారం పాటు ఆపమని సూచిస్తారు. కాలిఫోర్నియాలోని సాక్రమెంటో లోయలో 1980ల తొలినాళ్లలో వరి మళ్ల నుంచి వచ్చిన కలుపుమందుల వల్ల మురుగు కాలువల్లో చేపలు చనిపోయాయి. సాక్రమెంటో నగర ప్రజలు తాగునీరు చేదెక్కిందని ఫిర్యాదు చేశారు. అక్కడ వరి సాగు ఆపలేదు. మందును బట్టి మడి నీటిని ఎన్ని రోజులు ఆపాలో నియమం పెట్టారు. నదిలోకి చేరే ఆ మందుల పరిమాణం కొన్నేళ్లలోనే 90 శాతానికి పైగా తగ్గింది. చేపలకూ నగరానికీ ఒకే పరిష్కారం దొరికింది.

ఊసుటేరి చుట్టూ ఇటువంటి పనులు చేపట్టడానికి అనువైన ఏర్పాట్లు ఉన్నాయి. చెరువుకు దగ్గరలోని కురుంబపేటలో పెరుంతలైవర్ కామరాజ్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పురుగు ఎంతమేరకు ఉంటే మందు కొట్టాలో చెప్పే ఆర్థిక నష్ట పరిమితి లెక్కలను రైతుకు చేర్చగలిగేవి ఇటువంటి కేంద్రాలే. చెరువులోకి దిగే కాలువ గట్ల వెంట కొన్ని మీటర్ల వెడల్పున గడ్డిని వదిలితే మట్టితో కొట్టుకొచ్చే మందును అది చాలావరకు పట్టి ఉంచుతుంది. ఇళ్ల మురుగు విషయంలో సమీపంలోని ఆరోవిల్ చాలా ఏళ్లుగా రెల్లు వంటి మొక్కల వేర్ల మధ్య నుంచి మురుగునీటిని పారించి శుద్ధి చేసే పద్ధతిని వాడుతోంది. గాలి లేని ఉదయపు వేళ పిచికారీ చేయడం, వాన సూచన ఉన్న రోజు ఆగడం, స్ప్రేయర్‌ను కాలువలో కాకుండా పొలంలోనే కడగడం వంటి పనులకు ఏ పథకమూ అవసరం లేదు.

చట్టాల పరంగా చూస్తే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం మందులను నియంత్రిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాన్ని కాపాడుతుంది. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వాటి కింద గుర్తించిన చిత్తడి నేలల్లోకి శుద్ధి చేయని వ్యర్థాలను వదలడాన్ని నిషేధిస్తాయి. ఇవి వేర్వేరు శాఖల చేతుల్లో ఉన్నాయి. చెరువేమో రెండు ప్రభుత్వాల మధ్య ఉంది. దాన్ని నింపే నది మాత్రం ఒక్కటే. కాబట్టి నీటి నాణ్యతను పరిశీలించేటప్పుడు చెరువు మధ్యన నమూనా తీస్తే సరిపోదు. సుత్తుకేణి కాలువ మొదటి నుంచి చివరి దాకా, వానకు ముందూ వాన తర్వాతా, నీటితో పాటు అడుగు మట్టినీ చేపలనూ పరీక్షిస్తేనే విషం ఎక్కడ చేరుతోందో తెలుస్తుంది.

ఈ శ్రమకు ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు గుడ్డు పెంకే సమాధానం చెబుతుంది. 1963లో అమెరికాలో, అలాస్కాను మినహాయిస్తే, బట్టతల గద్దల జంటలు 417 మాత్రమే మిగిలాయి. 1972లో ఆ దేశం డీడీటీని నిషేధించింది. గూళ్లకు రక్షణ అంతకుముందూ ఉంది. విషం ఆగాక పెంకులు మళ్లీ గట్టిపడ్డాయి. 2007లో ఆ పక్షిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తొలగించే నాటికి వాటి సంఖ్య 9,700 జంటలు దాటింది.

ఊసుటేరి చుట్టూ హద్దురాళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఇక చూడాల్సింది ఆ రాళ్లకు అవతల, శంకరాపరణి పారే దారిలో ఉన్న మళ్లలో నీటిని ఎప్పుడు వదులుతున్నారన్నదే.